కాన్సరు పరిచర్య – నర్సుల శిక్షణ

కాన్సరు అను మాట ఇంటిలో వినబడిన దినమున మొదట మారునది మన కంఠస్వరము. గట్టిగా మాట్లాడువారు మెల్లగా మాట్లాడుదురు. రోగి వినకుండ వసారాలోనికి పోయి మాట్లాడుకొందురు. వ్యాధి పేరు పలుకుటకు నోరు రాక "ఆ జబ్బు" అని ఊరకొందురు. మన పెద్దలు రాచపుండు అనుచుండిరి; ఆ మాటయందును భయము తక్కువ కాదు. తరువాత పట్టణమునకు ప్రయాణము, పెద్ద వైద్యుని దర్శనము, పరీక్షలు, అప్పులు. ఈ కథ శ్రోతలలో పలువురికి తెలిసినదే. నేటి ప్రసంగమున మేము ఆ పెద్ద వైద్యుని గూర్చి గాక, ఆయన వెడలిపోయిన పిదప రోగి మంచము ప్రక్కన మిగిలియుండు వ్యక్తిని గూర్చి చెప్పదలచితిమి. ఆ వ్యక్తి నర్సు.

వైద్యుడు వార్డులో తిరుగునపుడు ఒక్కొక్క మంచము కడ నిలుచునది కొద్ది నిమిషములు. తక్కిన కాలమంతయు రోగి నర్సుల చేతిలోనే యుండును. రాత్రి రెండు గంటలకు జ్వరము వచ్చినచో మొదట చూడవలసినది నర్సు. మందెక్కుచున్న చోట చేయి ఎర్రబడి వాచినచో మొదట కనిపెట్టవలసినదియు నర్సే. "నేను బ్రతుకుదునా అమ్మా?" అను ప్రశ్న రోగి తరచుగా వైద్యుని అడుగడు, దీపములు ఆర్పిన పిదప నర్సును అడుగును. ఇన్ని బాధ్యతలు గల ఆమెకు ఈ వ్యాధిని గూర్చి ప్రత్యేకముగ ఎవరైన నేర్పిరా అని విచారించినచో, బీదదేశములలో పెక్కుచోట్ల లేదనియే సమాధానము వచ్చును. సామాన్య నర్సింగు చదువులో ఈ వ్యాధి కొద్ది పాఠములతో ముగియును. మిగిలినది వార్డులో తనకు ముందున్న వారిని చూచి నేర్చుకొనవలసినదే. వారికిని ఎవరు నేర్పిరి?

2022లో ప్రపంచమున సుమారు 2 కోట్ల మందికి క్రొత్తగా కాన్సరు కలిగెననియు, 97 లక్షల మంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ గణాంకములు తెలుపుచున్నవి. ఇది సంపన్నదేశముల వ్యాధియని ఒకప్పుడు తలచెడివారు. ఆ తలంపు సత్యము కాదని ఇప్పుడు తేలినది. పిల్లల సంగతియే చూడుడు. ధనికదేశములలో కాన్సరు సోకిన పిల్లలలో నూటికి 80 మందికి మించి కోలుకొనుచుండగా, బీదదేశములు పెక్కింటిలో నూటికి 30 మంది యైనను దక్కుట లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ పిల్లల శరీరములు వేరు కావు. వ్యాధియు వేరు కాదు. వ్యాధిని ఆలస్యముగా గుర్తించుట, మందులు దొరకకపోవుట, చికిత్సను నడుమ మానివేయుట, చికిత్స వలన కలుగు ఉపద్రవములను వేళకు కనిపెట్టలేకపోవుట – ఇవి ఆ భేదమునకు ముఖ్యకారణములు. వీనిలో మందులు కొనుట ప్రభుత్వముల పని. తక్కిన మూడింటియందును నర్సు చేయగలిగినది ఎంతో కలదు.

ఈ పరిచర్యలో ప్రత్యేకముగ నేర్వవలసినదేమి యని శ్రోతలు అడుగవచ్చును. జ్వరపు రోగికి, కాన్సరు రోగికి సూది వేయుటలో భేదమేమి? ఒకటి రెండు ఉదాహరణములు చెప్పుదుము.

కాన్సరు మందులలో కొన్ని రక్తనాళములోనే ప్రవహింపవలెను. నాళము నుండి ఒక్క చుక్క వెలికి జారి కండలోనికి చేరినను ఆ చోట మాంసము కుళ్ళిపోవును. కావున మందెక్కించునపుడు నర్సు ప్రక్కనే యుండి, సూది చక్కగా నాళములో నున్నదా లేదా యని మాటిమాటికి చూడవలెను. రోగి మంటయని చెప్పినచో వెంటనే మందు నాపవలెను, ఓర్చుకొమ్మని చెప్పరాదు. విన్‌క్రిస్టిన్ అను మందు కలదు. దానిని రక్తనాళములోనికి ఎక్కించినచో ప్రాణము నిలుపును. పొరపాటున వెన్నుపాము చుట్టునున్న ద్రవములోనికి ఎక్కించినచో ప్రాణము తీయును. ఒకే రోగికి ఒకే దినమున నాళములోనికి ఒక మందు, వెన్నులోనికి వేరొక మందు ఇయ్యవలసిన సందర్భములు కలవు. అట్టి దినమున రెండు మందులును ఒకే బల్లమీద ప్రక్కప్రక్కల నుండరాదను నియమము చిన్నదిగా దోచవచ్చును. ఆ నియమము తెలిసిన నర్సు ఒక ప్రాణమును కాపాడినదన్నమాట.

మరియొక ఉదాహరణము. ఈ మందులు పడిన కొలది దినములకు రోగి రక్తములోని తెల్లకణములు తగ్గిపోవును. అప్పుడు వచ్చు జ్వరము సామాన్య జ్వరము వంటిది కాదు. ఇంటివారు దానిని "కాస్త ఒళ్ళు వెచ్చబడినది, రేపటికి తగ్గును" అని ఊరకొందురు. రేపటికి రోగియే యుండకపోవచ్చును. అట్టి జ్వరమునకు గంటలోపల రోగక్రిమినాశక ఔషధము రక్తనాళములోనికి ఎక్కించవలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కావున చికిత్స పొంది ఇంటికి పోవు ప్రతి రోగికిని థర్మామీటరు చూచుట నేర్పి, 38 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో అర్ధరాత్రియైనను రమ్మని చెప్పి పంపవలెను. ఆ మాట చెప్పునది నర్సు. అది రోగి తల్లికో భార్యకో అర్థమైనదా లేదా యని తిరిగి చెప్పించుకొని వినవలసినదియు నర్సే. ఇవిగాక, మందు కలుపునపుడు ఆవిరులును తుంపరలును తన శరీరమున సోకకుండ చేతితొడుగులు, పైవస్త్రము ధరించుట కూడ ఆమె నేర్వవలెను. రోగిని రక్షించు మందే దానిని నిత్యము తాకువారికి హాని చేయగలదు.

ఇక చికిత్సకు లొంగని దశలో వచ్చిన వారి సంగతి. బీదదేశములలో ఆసుపత్రికి చేరునప్పటికే వ్యాధి ముదిరిన వారే అధికము. వారికి నొప్పి, పుండు, దుర్గంధము, వాంతి, నిద్రలేమి. వీనికి ఖరీదైన యంత్రము లక్కరలేదు. పుండు దుర్వాసనను మెట్రోనిడజోల్ బిళ్ళను మెత్తగా నూరి చల్లి తగ్గింపవచ్చును. నోటి పూతకు ఉప్పును వంటసోడాయు కలిపిన నీటితో పుక్కిలింతలు మేలు చేయును. ఒకే ప్రక్కకు పడియుండి ఒరిసిన వీపును, రోగిని గంటల లెక్కన అటు నిటు త్రిప్పుచు కాపాడవచ్చును. పుండు వాసనకు సిగ్గుపడి, మనుమలను దగ్గరకు రానీయక, కొట్టము ప్రక్క గదిలో తలుపు మూసికొని పడియుండు ముసలమ్మ తిరిగి నడుమింటిలోనికి వచ్చి కూర్చుండుటకు రూపాయలలో లెక్కింపదగిన ఆ బిళ్ళలు చాలును. ఈ సంగతి చెప్పువారు లేకనే ఆమె ఆ గదిలో నున్నది.

నొప్పి సంగతి వేరుగా చెప్పవలెను. ఏలయన నర్సుల శిక్షణకు సంబంధించిన అతి ముఖ్యమైన వాదము దానిచుట్టునే నడచినది.

తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశమునకు కాన్సరు చరిత్రలో ప్రత్యేక స్థానము కలదు. పిల్లల దవడలలో వచ్చు ఒక విధమగు కంతిని 1958లో డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు అక్కడి రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో చూచిన రోగుల నాధారము చేసికొని లోకమునకు తెలిపెను. ఆ వ్యాధికి ఆయన పేరే నిలిచినది. 1967లో అచ్చట ప్రారంభమైన చికిత్సాకేంద్రమే నేటి ఉగాండా కాన్సరు సంస్థ. ఇంతటి కీర్తి గల దేశమున సైతము, ఆసుపత్రికి చేరజాలని పల్లె రోగి నొప్పితో అరచుచునే మరణించెడివాడు. వైద్యులు కొద్దిమంది, వారును పట్టణములలోనే యుండిరి.

1993లో ఆన్ మెర్రిమన్ అను వైద్యురాలు అచ్చట హాస్పిస్ ఆఫ్రికా అను సంస్థను నెలకొల్పిరి. ఆమె జన్మస్థలము ఇంగ్లండులోని లివర్‌పూల్. అంతకుముందు సింగపూరులో పనిచేయుచున్నపుడు మార్ఫీను పొడిని నీటిలో కలిపి, త్రాగుడు మందుగా చేయు తేలిక పద్ధతిని ఔషధ నిపుణులతో కలిసి రూపొందించిరి. సూది అక్కరలేదు, శుద్ధి చేయవలసిన పరికరములు లేవు, సీసాలో పోసి ఇంటికి పంపవచ్చును. బలమును బట్టి మందునకు వేరువేరు రంగులు కలుపుదురు. చదువురాని వారును ఏది ఏదియో గుర్తింపగలరు. ఆమె ఉగాండాలో అడుగు పెట్టుటకు ముందే ప్రభుత్వమును ఒక్కటి కోరిరి: మార్ఫీను పొడి దిగుమతికి అనుమతింపవలెనని. ప్రభుత్వము సమ్మతించినది.

మందు వచ్చినది. కాని దానిని వ్రాసి యిచ్చు అధికారము వైద్యునికే కలదు. వైద్యుడు లేని జిల్లాలో సీసా అలమారలో నుండును. రోగి చాపమీద నుండును. ఆ రెంటి నడుమ నర్సు చేతులు కట్టుకొని నిలిచియుండును. ఆమె పుండు కట్టగలదు, ఓదార్పగలదు. అక్కరలోనున్న మందు నందీయజాలదు. ఇది కేవలము ఉగాండా దుఃస్థితి కాదు. లోకమున పెక్కు దేశములలో నేటికిని చట్టము ఇట్లే యున్నది.

ఉగాండావారు ఈ చిక్కును విప్పిన తీరు గమనింపదగినది. వారు మొదట నర్సులకు, అచ్చట క్లినికల్ ఆఫీసర్లని పిలువబడు వైద్యసహాయకులకు తొమ్మిది నెలల ప్రత్యేక శిక్షణ నేర్పరచిరి. నొప్పిని కొలుచుట, మార్ఫీనును ఎంత మోతాదుతో మొదలిడి ఎట్లు పెంచవలెనో నిర్ణయించుట, దానితోపాటు కలుగు మలబద్ధమునకు ముందుగనే విరేచనౌషధము చేర్చుట, మోతాదు మించిన చిహ్నములు గుర్తించుట, మందు లెక్కలు వ్రాసి తాళము క్రింద నుంచుట, మరణవార్త కుటుంబమునకు తెలుపుట – ఇవన్నియు అందు కలవు. తరువాత 2004లో నిబంధనలు మార్చి, ఆ శిక్షణలో ఉత్తీర్ణులైన వారు మార్ఫీను వ్రాసి యీయవచ్చునని అనుమతించిరి. నర్సులకు ఇట్టి అధికారమిచ్చి మార్గము చూపిన మొదటి దేశముగా ఉగాండాను పేర్కొందురు. ఆన్ మెర్రిమన్ 2025లో తొంబది ఏండ్ల వయస్సున కంపాలాలోనే కన్నుమూసిరి. ఆమె పరిచర్య యారంభించిన దేశమున నేడు నర్సు కొండదారిన పోయి, రోగియింట కూర్చుండి, నొప్పి ఎంతయున్నదో అడిగి, అచ్చటనే మందు వ్రాసి యీయగలుగుచున్నది.

ఈ కథలో రెండు భాగములు కలవని శ్రోతలు గుర్తింతురు గాక. శిక్షణ యొకటి, అధికార మొకటి. శిక్షణ లేని అధికారము ప్రమాదకరము. అధికారము లేని శిక్షణయో, ఈత నేర్పి నీరు చూపనట్లే.

నల్లమందు జాతికి చెందిన ఔషధమును నర్సుల చేతికిచ్చిన దేశము వ్యసనముల పాలు కాదా యని సందేహము కలుగవచ్చును. ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. నల్లమందు కుటుంబములను కూల్చిన సంగతి మన పెద్దలెరుగుదురు. కొన్ని సంపన్నదేశములలో ఈ జాతి బిళ్ళలను విచ్చలవిడిగా అమ్మి వేలమందిని మృత్యుముఖమునకు త్రోసిన చరిత్రయు ఇటీవలిదే. కావుననే శిక్షణ కావలెను, తాళము కావలెను, లెక్క కావలెను. కాని కాన్సరు నొప్పితో నున్నవారికి, తగిన మోతాదున, వేళ తప్పక నోటి ద్వారా ఇచ్చిన మార్ఫీను వలన వ్యసనము కలుగుట అరుదని అనుభవము చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లోనే కాన్సరు నొప్పికి మెట్టుమెట్టుగా మందు లిచ్చు పద్ధతిని ప్రకటించి, తీవ్రమైన నొప్పికి మార్ఫీనును ఆవశ్యకమని చెప్పినది. ఐనను 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ సంఘ నివేదిక ప్రకారము, లోకమంతట ఏటేట పంపిణీయగు సుమారు 300 టన్నుల మార్ఫీను జాతి మందులలో అత్యల్పాదాయ దేశములకు చేరునది టన్నులో పదవవంతు మాత్రమే.

మన దేశపు అనుభవము ఇందుకు భిన్నముగ లేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వానుమతితో గసగసాల పైరు పండును. మార్ఫీనుకు మూలమైన నల్లమందు మన నేలమీదనే తయారై పరదేశములకును పోవుచుండును. ఐనను 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చిన పిదప, అనుమతుల చిక్కులకు భయపడి ఆసుపత్రులు మార్ఫీను నుంచుటయే మానివేసినవి. 1997 నాటికి ఇంత పెద్ద దేశమంతట వైద్యమునకై వాడిన మార్ఫీను 18 కిలోలకు దిగిపోయినది. 2014లో ఆ చట్టమును సవరించి అనుమతులను సులభతరము చేసిరి. కాని పదునెనిమిదేండ్లు, ఇరువది యేండ్లు ఒక మందును చూడని ఆసుపత్రులలో పెరిగిన వైద్యులకును నర్సులకును దానిని వాడుట ఎవరు నేర్పవలెను? చట్టము ఒక్క దినమున మారును. చేతికి అలవాటు ఒక్క దినమున రాదు.

ఈ లోటు తీర్చుటకు కేరళీయులు 1993 నుండి కోళిక్కోడులో చేసిన యత్నము ప్రసిద్ధము. పల్లెపల్లెన స్వచ్ఛంద సేవకులను చేర్చి, నర్సును నడుమ నుంచి, ఇంటివద్దనే పరిచర్య జరుపు పద్ధతిని వారు నెలకొల్పిరి. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దానిని తన విధానముగ ప్రకటించినది. మన తెలుగునాట హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర 1955లో వెలసిన కాన్సరు ఆసుపత్రి కలదు. అచ్చట ఉపశమన చికిత్సా విభాగమేర్పడి, పరిచర్యయే గాక నర్సులకు శిక్షణయు ఇచ్చుచున్నది. తెలంగాణ జిల్లాలలోని ఉపశమన కేంద్రములకు ఈ విద్య నేర్చిన నర్సులే ఆయువుపట్టు. వారు ఇంటికి వచ్చునపుడు సంచిలో తెచ్చునది స్వల్పమే: కట్టు కట్టు సామగ్రి, కొన్ని మందులు, ఒక పుస్తకము. కాని వారు అరుగుమీద కూర్చుండి కోడలికి మూత్రపు గొట్టము శుభ్రము చేయుట నేర్పి పోవుదురు. ఆ యింటికి మరునాటి నుండి ఒక నర్సు ఉన్నట్లే.

ఇంతవరకు వ్యాధి ముదిరిన వారిని గూర్చి చెప్పితిమి. వ్యాధి రాకముందే పసికట్టుటలోను నర్సు శక్తి నిరూపితమైనది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో 2000 సంవత్సరమున ఒక పెద్ద పరిశీలన ప్రారంభమైనది. గర్భాశయ ముఖద్వారపు కాన్సరును తొలిదశలో గుర్తించుటకు ధనికదేశములలో ప్రయోగశాలలు, సూక్ష్మదర్శినులు, నిపుణులు కావలెను. దిండిగల్‌లో వానికి బదులు వాడినది పలుచని వెనిగరు వంటి ద్రవము, దూది, మంచి దీపము. ఆ ద్రవమును తాకించి ఒక నిమిషము వేచినచో, చెడుచున్న భాగము తెల్లబడి కనబడును. ఈ పరీక్ష చేసినవారు శిక్షణ పొందిన నర్సులు. 30 మొదలు 59 ఏండ్ల వయస్సు గల స్త్రీలను వారు పల్లెలలోనే పరీక్షించిరి. అవసరమైనచోట అతిశీతల చికిత్సతో ఆ భాగమును వారే తొలగించిరి. 2007లో వెలువడిన ఫలితములను బట్టి, పరీక్ష జరిగిన గ్రామములలో ఈ కాన్సరు నూటికి 25 వంతులు, దానివలని మరణములు నూటికి 35 వంతులు తగ్గినవి. ఇప్పుడు ఇంతకంటె నిశితమైన వైరసు పరీక్షయు, బాలికలకు టీకాయు వచ్చినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఈ కాన్సరును నిర్మూలింప సంకల్పించి వానిని ముందుంచినది. పరీక్ష మారినను దానిని చేయు చేయి మారలేదు. పురుష వైద్యునికి చూపుటకు సిగ్గుపడి ప్రాణము మీదికి తెచ్చుకొను స్త్రీలు మన పల్లెలలో నెందరో కలరు. వారు నర్సమ్మకు చెప్పుదురు.

పెద్ద ఆసుపత్రి లేనిదే కీమోథెరపీ సాధ్యమా యని అడుగువారికి ఆఫ్రికాలోని రువాండా సమాధానము చెప్పినది. ఆ దేశపు ఉత్తరమున కొండలలో బుటారో అను పల్లె కలదు. 2012లో అచ్చటి జిల్లా ఆసుపత్రిలో కాన్సరు కేంద్రము తెరచిరి. అప్పటికి అచ్చట నివాసముండు కాన్సరు నిపుణుడొక్కడును లేడు. సామాన్య వైద్యులును నర్సులును చికిత్స జరుపగా, సముద్రముల కావల నున్న నిపుణులు దూరము నుండి సలహాలిచ్చిరి. అమెరికా నుండి అనుభవము గల కాన్సరు నర్సులు వచ్చి, నెలల తరబడి అచ్చటనే యుండి, స్థానిక నర్సుల ప్రక్కన నిలిచి పని నేర్పిరి. రెండు దినముల ఉపన్యాసములిచ్చి, పత్రములు పంచి, విమానమెక్కి పోవుట వేరు. రోగి మంచము కడ ప్రక్కన నిలిచి "నీవు చేయుము, నేను చూచెదను" అనుట వేరు. మన వంటిండ్లలో కోడళ్ళు నేర్చునదియు, మగ్గము మీద పడుగు పేకలు పిల్లలు నేర్చునదియు రెండవ విధముననే గదా.

ఇన్ని చక్కని దృష్టాంతములుండగా పని ఎందుకు వేగముగ సాగదు? ఇచ్చట కొన్ని అప్రియసత్యములు చెప్పవలసియున్నది.

మొదటిది బదిలీ. ఒక నర్సు ఎన్నో నెలలు కాన్సరు పరిచర్య నేర్చి వార్డులో కుదురుకొనునంతలో, వంతు వచ్చినదని ఆమెను ప్రసూతి వార్డునకో, కంటి వార్డునకో పంపుదురు. ఆమె స్థానమున వచ్చిన నర్సుకు విన్‌క్రిస్టిన్ పేరే క్రొత్త. పిల్లల కాన్సరు వార్డులకై అంతర్జాతీయ నిపుణులు 2014లో ప్రకటించిన కనీస ప్రమాణములలో, ఐదుగురు పిల్లలకు ఒక నర్సు ఉండవలెననియు, క్రొత్తగా చేరినవారికి క్రమమైన ప్రారంభ శిక్షణ ఉండవలెననియు, వారిని ఇతర వార్డులకు త్రిప్పరాదనియు చెప్పిరి. ఐదుగురికి ఒకరను మాట విని మన ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులు నవ్వుకొందురేమో. కాని త్రిప్పకుండుటకు డబ్బు అక్కరలేదు. ఒక ఉత్తరువు చాలును.

రెండవది వలస. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2025లో ప్రకటించిన నివేదికను బట్టి, 2023 నాటికి లోకమునకు ఇంకను 58 లక్షల మంది నర్సులు కొరతగా నుండిరి. ఉన్నవారిలో ఏడుగురికి ఒకరు తాము పుట్టిన దేశమున గాక పరదేశమున పనిచేయువారే. బీదదేశము నేర్పిన విద్యను ధనికదేశము కొనుక్కొనుచున్నది. పోవు ఆడబిడ్డను నిందించుట న్యాయము కాదు. ఆమెకు ఇంట అప్పు కలదు, చెల్లెండ్ర చదువు కలదు. నిందింపవలసినది, అదనపు విద్య నేర్చినను అదనపు గౌరవము గాని, జీతము గాని, హోదా గాని ఇయ్యని మన ఏర్పాటును.

మూడవది మన మనస్సులోనే యున్నది. "మా అమ్మాయి డాక్టరు" అని చెప్పునపుడు కంఠము పైకి లేచును. "మా అమ్మాయి నర్సు" అనునపుడు కొందరికి దిగును. ఆసుపత్రిలో మనవారు పడియున్నపుడు రాత్రంతయు ఆమెను పేరైన అడుగక పిలుతుము. ఉదయము వైద్యుడు వచ్చినపుడు లేచి నిలుతుము. పరిచర్యను తక్కువ పనిగా చూచు సమాజమున, మంచి బుద్ధి గల బాలిక ఆ విద్యకు పోవుటకు సంకోచించును. పోయినదియు నిలువదు.

మరియొక సంగతి చెప్పి ముగింతుము. మన యిండ్లలో రోగికి వ్యాధి పేరు చెప్పరాదను పట్టుదల కలదు. అది ప్రేమ వలననే పుట్టినది. కాని తనకేమో ముంచుకొనివచ్చినదని రోగి ముందే గ్రహించును. ఇంటివారు దాచుచున్నారనియు గ్రహించును. ఇరువురును ఒకరి కొరకొకరు నటించుచు, చెప్పుకొనవలసిన మాటలు చెప్పుకొనకయే విడిపోవుదురు. భూమి కాగితములు ఎచ్చటనున్నవో, చిన్నదాని పెండ్లి ఎట్లు చేయవలెనో, ఎవరిని క్షమింపవలెనో – అన్నియు గొంతులోనే నిలిచిపోవును. ఈ ముడి విప్పుటయు శిక్షణ గల నర్సు నేర్చిన విద్యలలో నొకటి. ఆమె సత్యమును నెత్తిన పడవేయదు. "మీకేమని తోచుచున్నది?" అని అడిగి, విని, రోగి ఎంత తెలిసికొనగోరునో అంతవరకే నడిపించును. అడుగుటకు ఒక నిమిషము చాలును. వినుటకే నేర్పు కావలెను. మౌనముగ కూర్చుండుట కూడ శిక్షణలో నేర్పుదురని వినిన ఆశ్చర్యము కలుగవచ్చును. నేర్పవలసినంత కష్టమైన పనియే అది.

ప్రభుత్వము, ఆసుపత్రి, నర్సింగు కళాశాల చేయవలసిన పనులు వారు చేయవలెను. ఇండ్లలో ఈ ప్రసంగము వినుచున్న మనము చేయదగినవియు కొన్ని కలవు. మనవారికి కాన్సరు నొప్పి కలిగినపుడు "ఓర్చుకొమ్ము" అనక, నొప్పికి మందు కలదా, ఉపశమన విభాగమున్నదా యని అడుగవలెను. వైద్యుడు మార్ఫీను వ్రాసినచో అది చావునకు గుర్తని భయపడక, చెప్పిన మోతాదు చెప్పిన వేళకు ఈయవలెను. మనకు తోచినట్లు పెంచరాదు, మానరాదు. చికిత్స నడుమ జ్వరము వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు. ముప్పది దాటిన స్త్రీలు ఆరోగ్యకేంద్రములో పరీక్ష చేయుచున్నారేమో విచారించి పోవలెను. నర్సు ఇంటికి వచ్చినపుడు ఆమె చెప్పునది శ్రద్ధగా విని నేర్చుకొనవలెను. ఇంటిలో బాలిక నర్సింగు చదువుదునన్నచో అడ్డు చెప్పరాదు.

కాన్సరును పూర్తిగా జయించు దినము ఎప్పుడు వచ్చునో, ఆ మందు ఏ దేశమున పుట్టునో మేము చెప్పజాలము. కాని రాత్రి రెండు గంటల వేళ, మన ఊరి ఆసుపత్రిలో, మంచము ప్రక్కన నిలిచిన ఆమెకు ఏమి చేయవలెనో తెలిసియుండుటయు, చేయుటకు అనుమతి యుండుటయు, అలమారలో మందుండుటయు నేడే సాధ్యములు. ఉగాండా కొండలలోను, దిండిగల్ పల్లెలలోను అవి జరిగినవి. మన ఊరిలోను జరుగవలెనని మనము అడుగవలసియున్నది.